చెరిపిన చిత్రమును మరల కూర్చుట

1977వ సంవత్సరము మే నెల 25వ తేదీన అమెరికాదేశమునందలి ముప్పదికి పైగా సినిమాశాలలలో ‘స్టార్ వార్స్’ అను చలనచిత్రము విడుదలయ్యెను. జార్జి లూకస్ అనునాతడు దానికి కథకుడును దర్శకుడును. అంతరిక్షనౌకలు, యంత్రమానవులు, కాంతితో చేసిన ఖడ్గములు, చందమామవలె ఆకాశమున తేలు నొక మహాదుర్గము - వీనితో నిండిన యా కథ నిజమునకు రాకుమారుడు, రాకుమారి, మాంత్రికుడు గల జానపదకథవంటిదే. మనవారు ‘పాతాళభైరవి’ని చూచినట్లు అచ్చటివారు దానిని ఆబాలగోపాలము చూచిరి. మరుసటి యేడు దానికి ఆరు ఆస్కారు బహుమానములు లభించెను. దృశ్యచమత్కారములకు వచ్చిన బహుమానము అందులో నొకటి. 1989లో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమువారు, కలకాలము నిలుపదగిన చిత్రములని మొట్టమొదట ఇరువదియైదింటిని ఎన్నికచేసినప్పుడు అందులో దీనికిని చోటు దక్కినది.

ఇంతటి గౌరవము పొందిన చిత్రమును, 1977లో ప్రజలు చూచినది చూచినట్లుగా మంచి ప్రతిలో చూడవలెనని ఒకడు 2010 ప్రాంతమున కోరినచో, వానికి అది అంగడిలో దొరకలేదు. అగ్నిప్రమాదమున అది కాలిపోలేదు, వరదలో కొట్టుకొనిపోలేదు. దానిని తీసినవారే దానిని మార్చివైచిరి. అటులైన చిత్రమును ధనబలమును అధికారమును లేని సామాన్యులు కొందరు ఇండ్లలో కూర్చుండి ముక్కముక్కగా మరల ఎట్లు కూర్చిరో తెలుపుటయే ఈ పాఠము నుద్దేశము.

ముందుగా చలనచిత్రమనగా ఏమో తెలిసికొనవలెను. తెరపై కదలునట్లు కనబడునది నిజమునకు కదలని బొమ్మల వరుస. క్షణమునకు, అనగా ఒక సెకండునకు, 24 బొమ్మలు తెరపై పడును. ఒక్కొక్క బొమ్మకు ఫ్రేము అని పేరు. ‘స్టార్ వార్స్’ చిత్రము 121 నిమిషములు నడచును. విద్యార్థులు కాగితము తీసికొని గుణించి చూచినచో అందు 1,74,240 ఫ్రేములున్నట్లు తేలును. చిత్రీకరణసమయమున కెమేరాలో తిరిగిన ఫిల్మునకు నెగటివు అని పేరు. అది ఒక్కటే. దానినుండి ఒకటిరెండు మెట్లు దిగి, సినిమాశాలలకు పంపు ప్రతులను తీయుదురు. నా చిన్నతనమున మా యూరికి వచ్చు టూరింగు టాకీసులో పట్టణములయందు ఆడి ఆడి అరిగిన ప్రతులే వేయుచుండెడివారు. తెరపై వానచినుకులవలె గీతలు కురియుచుండెను. నాయిక పాటకు నోరు తెరచుటతోడనే ఫిల్ము తెగి, అతికిన పిమ్మట ఆమె రెండవ చరణములో నుండెడిది. మేమదియే చిత్రమనుకొంటిమి. ప్రతి పాడైనను నెగటివు భద్రముగా నున్నంతకాలము మరల మంచి ప్రతిని తీయవచ్చును. నెగటివునే మార్చినచో మాత్రము వ్యవహారము వేరు.

1997లో చిత్రమునకు ఇరువదేండ్లు నిండుచుండగా లూకస్ దానిని ‘స్పెషల్ ఎడిషన్’ అను పేర తిరిగి విడుదలచేసెను. అప్పటికి నెగటివు మకిలిపట్టి, కొన్నిచోట్ల రంగులు వెలిసి యుండెను. దానిని కడిగి శుద్ధిచేసిరి. ఆ పని మిక్కిలి మెచ్చదగినది. కాని అంతటితో నాగలేదు. ఆనాడు ధనము చాలకయు, సాధనములు లేకయు తాను తలచిన చిత్రములో కొంత మాత్రమే తెరమీదికి వచ్చినదని లూకస్ మనసున వెలితి యుండెను. ఇప్పుడు కంప్యూటరు చేతికి వచ్చినది. ఎడారిపట్టణపు వీథులలో కొత్త జంతువులు తిరుగాడినవి. పాత బొమ్మనౌకలకు మారుగా కంప్యూటరులో చేసిన నౌకలు ఎగిరినవి. తొలుత తీసి విడిచిపెట్టిన ఒక సన్నివేశము క్రొత్త సొగసులతో లోపలికి వచ్చినది. ఈ మార్పులకొరకు మూల నెగటివునందే చేయి చేసికొంటిమని ఆ సంస్థవారు తరువాత చెప్పిరి. 2004లో డీవీడీ వెలువడినప్పుడు మరికొన్ని, 2011లో బ్లూ-రే డిస్కు వెలువడినప్పుడు ఇంకను కొన్ని, 2019లో మరియొకటి - ఇట్లు మార్పులు పెరుగుచునే వచ్చినవి.

మార్పులలో పెక్కు అలంకారమాత్రములు. ఒక్కటి మాత్రము కథాపాత్ర గుణమునే తాకినది. హాన్ సోలో అనువాడు దొంగసరకులు చేరవేయు నౌకకు అధిపతి. అప్పు తీర్పనందున వానిని పట్టుకొనుటకు గ్రీడో అను కిరాయివాడు ఒక పానశాలలో తుపాకి గురిపెట్టి ఎదుట కూర్చుండును. 1977 చిత్రములో హాన్ మాటలాడుచునే బల్లక్రింద తన తుపాకి నెమ్మదిగా తీసి, పేల్చును. ఎదుటివాడు పేల్చనే లేదు. 1997లో గ్రీడో ముందు పేల్చి గురి తప్పినట్లును, పిదప హాన్ పేల్చినట్లును మార్చిరి. ఒక్క క్షణకాలపు మార్పే. అయినను మొదటి హాన్ తన ప్రాణము తప్ప మరేమియు లెక్కచేయని కఠినుడు. రెండవ హాన్ ఆత్మరక్షణము చేసికొన్న సాధువు. కఠినుడైనవాడు కడపట మిత్రులకొరకు ప్రాణములకు తెగించి తిరిగి వచ్చుటలోనే కదా యా కథ రుచి! సాధువు తిరిగివచ్చుటలో వింత యేమున్నది?

ఇందొక విచిత్రము గలదు. 1988లో, పాత నలుపు తెలుపు చిత్రములకు వానిని తీసినవారి అనుమతి లేకయే రంగులు పూయు వ్యాపారము అమెరికాలో సాగుచుండగా, ఆ దేశపు శాసనసభ యెదుట నిలిచి, కళాఖండములను మార్చుట తగదని గట్టిగా వాదించినవారిలో లూకస్ ఒకడు. ఆతడు మాట తప్పెనని కొందరందురు. పరులు మార్చుట వేరు, కర్తయే మార్చుకొనుట వేరు అని మరికొందరందురు. మనవారును 1957నాటి ‘మాయాబజారు’నకు 2010లో రంగులద్ది విడుదలచేసిరి. దానిని చూచి సంతోషించినవారు కలరు, పెదవి విరిచినవారును కలరు. కాని నలుపు తెలుపు ‘మాయాబజారు’ను ఎవరును దాచిపెట్టలేదు; రెండును జనులకు అందుబాటులోనే యున్నవి. కావున మనకు తగవు లేకపోయినది. అచ్చటి తగవు క్రొత్తది వచ్చినందులకు కాదు, పాతది కనుమరుగైనందులకు.

జనుల కోరికను బట్టి సంస్థవారు 2006లో పాత రూపమును డీవీడీగా, క్రొత్తదానికి తోడు డిస్కుగా, కొలదికాలము అమ్మిరి. అభిమానులు ఆశతో కొనిరి; చూచి నిట్టూర్చిరి. అది 1993లో లేజర్ డిస్కులకొరకు సిద్ధపరచిన పాత వీడియో ప్రతినుండి తీసినది. డీవీడీ బొమ్మకు అడ్డగీతలు 480. కాని యీ చిత్రము వెడల్పయినది. దానిని పాతకాలపు చదరపు తెరకై అమర్చినందున పైన క్రింద నల్లని పట్టీలకే చాల గీతలు పోయి, బొమ్మకు ఇంచుమించు 270 గీతలు మాత్రమే మిగిలినవి. 2011 బ్లూ-రేలో అదే బొమ్మకు ఎనిమిదివందలకు పైగా గీతలున్నవి. అనగా స్పష్టమైన ప్రతి యందు చిత్రము సరియైనది కాదు. సరియైన చిత్రమున్న ప్రతి స్పష్టముగా లేదు.

ఈ చిక్కును విప్ప పూనుకొన్నవారిలో మిక్కిలి పేరొందినవాడు చెక్ దేశమున ఇంగ్లీషు బోధించు నొక యువ ఉపాధ్యాయుడు. సినిమా పరిశ్రమతో వానికి సంబంధము లేదు. ఇంటిలోని కంప్యూటరుతో, తీరిక వేళలలో, 2010 ప్రాంతమున ఆతడీ పనికి దిగెను. స్పెషల్ ఎడిషన్ యొక్క విశేషములను తొలగించినది గావున తన కూర్పునకు ‘డీస్పెషలైజ్డ్ ఎడిషన్’ అని పేరిడెను. ఒక కూర్పు ముగించి, లోపములు కనిపెట్టి, మెరుగైన సామగ్రి దొరకగానే మరల మొదలిడి, ఏండ్లతరబడి దిద్దుచునే యుండెను. వానికి తోడ్పడినవారు పలు దేశములవారు. వారిలో కొందరు శబ్దమును, కొందరు రంగులను చూచుకొనిరి.

వాని పద్ధతిని వినినప్పుడు నాకు బ్రౌను దొర జ్ఞప్తికి వచ్చెను. తెలుగు పండితుడనగుటచే రాక తప్పదు! ఆ మహనీయుడు వేమన పద్యముల వ్రాతప్రతులను పెక్కు చోట్లనుండి తెప్పించి, పండితులకు జీతములిచ్చి సరిచూపించి, 1829లో అచ్చువేయించెను. ఒక తాళపత్రమున పురుగు తిన్న అక్షరము మరియొక తాళపత్రమున నిలిచి యుండును. ఈ ఉపాధ్యాయుడు చేసినదియు నిట్టిదే. వాని ‘తాళపత్రములు’ వేరు: 2011నాటి బ్లూ-రే, 2004నాటి రూపమును టెలివిజనులో వేసినప్పుడు పట్టిన ప్రతి, 2006నాటి డీవీడీ, ఎవరి యింటనో మిగిలియున్న 16 మిల్లీమీటర్ల ఫిల్ము ప్రతిని స్కాను చేసినది, పెద్ద ఫిల్మునుండి కత్తిరించి అభిమానులు దాచుకొన్న విడి ఫ్రేములు, నేపథ్యములకై చిత్రకారులు గాజుపై వ్రాసిన బొమ్మల ఛాయాచిత్రములు.

చిత్రములో ఎక్కువభాగము ఆకారములో మారలేదు. కావున అట్టిచోట్ల బ్లూ-రేనే ఆధారముగా గైకొనెను. మారినచోటనే శ్రమ. వీథి సన్నివేశమున ఎడమప్రక్క ఒక కొత్త జంతువు నడచుచున్నదనుకొనుడు. కుడిప్రక్క గోడయు మనుష్యులును పాతవే. అప్పుడు కుడిసగము బ్లూ-రేది ఉంచి, ఎడమసగమును పాత ప్రతినుండి తెచ్చి అతుకవలెను. వినుటకు సులభము. కాని రెండు ప్రతులు ఎన్నడును ఒకదానిపై నొకటి సరిగా కూర్చుండవు. ప్రొజెక్టరులోను స్కాను యంత్రములోను నడచునప్పుడు ఫిల్ము వెంట్రుకవాసి అటునిటు ఊగును. ఒక ప్రతి కొంచెము సాగియుండును, ఒకటి కొంచెము కత్తిరించి యుండును. కావున ఫ్రేము ఫ్రేమునకును జరిపి, పెంచి, తగ్గించి సరిపెట్టవలెను. అతుకుమీదుగా ఒక మనుష్యుడు నడచిపోయినచో వాని రూపురేఖను ప్రతి ఫ్రేములోను చేతితో గీసి వేరుపరుపవలెను. సెకండునకు ఇరువదినాలుగు మారులని మరువరాదు.

అంతటితో అయినదా? పాత ప్రతియందు ఫిల్మునకు సహజమైన ఇసుకరేణువులవంటి నలుసులు ముతకగా నుండును. బ్లూ-రేలో సన్నముగా నుండును. రెండును కలిపినచో గచ్చుగోడకు మట్టిపూత పూసినట్లు తెలిసిపోవును. అందుచే నలుసును సైతము సరిపోల్చి చల్లవలెను. వీడియోతో నింకొక తంటా గలదు. అమెరికా టెలివిజను పద్ధతిలో సెకండునకు సుమారు 30 బొమ్మలు పోవును. 24 బొమ్మల చిత్రమును అందులో ఇముడ్చుటకు కొన్నిటిని రెండు మారులు చూపుదురు. టేపునుండి గాని డిస్కునుండి గాని తీసినప్పుడు ఆ కల్తీని ఏరివేసి, అసలు ఇరువదినాలుగింటిని మాత్రము మిగుల్చుకొనవలెను.

రంగుల సంగతి మరియొక కథ. ఆ కాలపు సామాన్య ఫిల్ము ప్రతులలో నీలిరంగు ముందుగా వెలిసిపోవును. ఏండ్లు గడచినకొలది బొమ్మయంతయు ఎఱ్ఱబారును. మన పాత రంగుల చిత్రములలోను ఆ జేగురుఛాయను మీరు చూచియుందురు. 2004 తరువాతి డిస్కులలో రంగులు మరియొక దారి పట్టినవి. నీడలు కాటుకగా చిక్కబడి, నీలిఛాయ పెరిగినది. మరి 1977లో తెరపై పడిన వన్నె ఎట్టిది? సమాధానము లండనునుండి వచ్చినది. టెక్నికలరు అను పాత పద్ధతిలో అద్దకపు బట్టకువలె మూడు రంగులను ఒకదానిపై నొకటి ఫిల్మునకు అద్దుదురు. ఆ రంగులు ఏండ్లకేండ్లు వెలియవు. అమెరికాలో ఆ పద్ధతి అప్పటికే ఆగిపోయినను లండనులో ఇంకను నడచుచుండుటచే, బ్రిటనులో ప్రదర్శించుటకు ‘స్టార్ వార్స్’ ప్రతులు కొన్ని అట్లు తీయబడెను. అట్టి ప్రతుల రంగులే కూర్చువారికి ఒరపిడిరాయియైనవి.

కన్నులకే కాదు, చెవులకును పాఠాంతరములు కలవు. 1977లోనే చిత్రమునకు మూడు శబ్దకూర్పులుండెను: పెద్ద ఫిల్మునకొకటి, రెండువైపుల శబ్దముగల సినిమాశాలల కొకటి, ఒకే వాహినిగల సామాన్య సినిమాశాలల కొకటి. మూడవదానిలో బంగారువన్నె యంత్రమానవుడు శత్రుదుర్గపు ఆకర్షణయంత్రమును గూర్చి వివరించు మాటలు రెండవదానిలో లేవు. ఆ మూడవదానిని ఎవరును డిస్కుగా అమ్మలేదు. టెలివిజను ప్రసారమును ఎన్నడో టేపుపై పట్టి అటకమీద పడవైచినవారి చలువవలన దానిని తిరిగి కూర్పగలిగిరి. చిత్రారంభమున పైకి ప్రాకుచు పోవు కథాపరిచయపు అక్షరములలో ‘నాల్గవ భాగము’ అను మాట 1977లో లేదు. 1981లో తిరిగి విడుదలైనప్పుడు చేరినది. అందరును నిందించిన 2006 డీవీడీ ఈ విషయమున మేలుచేసినది. ఆ తొలి అక్షరములు దానియందున్నవి.

ఈ పని చట్టసమ్మతమా యని విద్యార్థులు అడుగవచ్చును. కాదనియే చెప్పవలెను. చిత్రముపై హక్కు దానిని తీసినవారిది. వారి అనుమతి లేక ప్రతులు చేసి పంచుట నేరము. కూర్చినవారు దానిని అమ్ముకొనలేదు. అధికారికమైన డిస్కును కొన్నవారే తమ కూర్పును చూడవలెనని కోరుచుండిరి. ఇది వారి మర్యాదయే గాని చట్టమున వారికి రక్షణము కాదు.

బ్రౌను దొరతో పోలిక యిచ్చట తెగును. వేమన తన పద్యములను దిద్దుకొందునని 1829లో వచ్చి యడుగలేదు. లూకస్ బ్రదికియున్నాడు, తన చిత్రమునకు తుదిరూపము తాను మెచ్చినదే యని చెప్పినాడు. తాను వ్రాసినదానిని దిద్దుకొను హక్కు కవికి లేదని నేననజాలను. నేనును పాతికేండ్ల క్రిందటి నా వ్యాసములను కనుమరుగు చేయ తలచుచుందును. కాని నా వ్యాసములను బహుమానమిచ్చి, తలచి తలచి, బిడ్డలకు చెప్పుకొన్నవారు లేరు. చిత్రమును చూచినవారి జ్ఞాపకములో నున్నది ఎవరి సొత్తు? ఆరు బహుమానములు వచ్చినది 1977నాటి రూపమునకు. ప్రభుత్వ గ్రంథాలయపు పట్టికకెక్కినప్పుడును క్రొత్త రూపము పుట్టనే లేదు. వెనుకటిది చూపకుండ ముందటి కీర్తిని మాత్రము నిలుపుకొనుట నాకు సబబుగా తోపదు. క్రొత్తది తీయవద్దనుట కాదు. పాతదానిని ప్రక్కన పెట్టియుంచవలెనని మాత్రమే.

డీస్పెషలైజ్డ్ కూర్పును గూర్చియు ఒక మాట చెప్పక తప్పదు. మంచి పరిష్కర్త పాఠాంతరములను పుటక్రింద చూపును. ఏ అక్షరము ఏ ప్రతిలోనిదో చదువరికి తెలియును. చిత్రమున నట్టి పుటయడుగు లేదు. అతుకు కనబడకుండుటయే అచ్చటి నేర్పు. కనుక ఆ కూర్పు ఎంత ముచ్చటగా నున్నను, సరిగా అటువంటి బొమ్మను 1977లో ఏ సినిమాశాలలోను ఎవరును చూడలేదు. ఈ లోపమును గ్రహించియే కాబోలు, వేరొక అభిమానబృందమువారు పలు ప్రతుల అతుకులను మాని, ఆనాడు సినిమాశాలలో ఆడిన 35 మిల్లీమీటర్ల ఫిల్ము ప్రతినే ప్రధానముగా గైకొని, ఫ్రేము ఫ్రేమునకు స్కాను చేసి, మకిలిని తుడిచి 2018లో వెలువరించిరి. దానికి ‘4కె77’ అని పేరు. అందు నలుసు ఎక్కువ, గీతలు అక్కడక్కడ మిగిలినవి. నునుపుదనమును కోరువారు మొదటిదానిని, సాక్ష్యమును కోరువారు రెండవదానిని మెచ్చుదురు. నా మొగ్గు రెండవదానివైపు. బహుశః టూరింగు టాకీసులో పెరిగినవాడనగుటచే గీతలు నన్ను బాధింపవు.

2025 జూను నెలలో లండను నగరమున బ్రిటిష్ ఫిల్ము ఇన్‌స్టిట్యూటువారు తమ చలిగదిలో దశాబ్దములుగా భద్రపరచిన 1977నాటి టెక్నికలరు ప్రతిని వెలికితీసి, ఫిల్ము ఉత్సవపు తొలిరాత్రి జనులకు ప్రదర్శించిరి. కంప్యూటరు చేయి పడని ప్రతి యది. రంగులు వెలియలేదు. ఎడారిపట్టణపు వీథులలో కొత్త జంతువులు లేవు. పానశాలలో గ్రీడో తుపాకి గురిపెట్టి కూర్చుండెను. హాన్ సోలో ఒక్కడే పేల్చెను.